మూడో ఈల

పోయిన వారం పాప రేకుపెట్టెను ఆటో ఎక్కించి ఆగిపోయాం. ఆటో ఇంకా కదలలేదు. అది కదిలేలోపు, ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లకు జరిగింది చెప్పేస్తాను.

పాప అసలు పేరు సుష్మ. తొమ్మిదేళ్లు. తండ్రి చనిపోయాడు. తల్లి కువైట్‌కు ఇంటిపనికి పోయి, ఆరేళ్ల కిందట ఫోన్ చేయడం మానేసింది. కళ్యాణదుర్గం దగ్గరున్న మా పిల్లల ఇంటికి వచ్చినప్పుడు అందరికంటే చిన్నది కాబట్టి పాప అన్నారు. తర్వాత ఇంకా చిన్నవాళ్లు వచ్చినా ఆ పేరు ఆమెకే ఉండిపోయింది.

ఆ ఇంటిని నడిపే పెద్దక్క ఇక్కడ ఉండదు. ఇరవై రెండేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. అక్కడ సెలవు శుక్రవారం. ఆ రోజు మన జిల్లా నుంచి పోయిన పనిమనుషులను ఒక గదిలో పోగుచేసి ప్రార్థన మొదలుపెట్టింది. ఆ ఆడవాళ్ల కష్టంతోనే ఇక్కడ ఐదు ఊర్లలో సంఘాలు లేచాయి, పంతొమ్మిది మంది పిల్లలకు ఇల్లు లేచింది. అందుకే మా ఆరాధన కూడా శుక్రవారమే. ఎవరైనా "ఆదివారం చర్చికి పోరా?" అంటే మా పిల్లలు వింతగా చూస్తారు. "ఆదివారమేంటికి? ఆ పొద్దు బట్టలు ఉతికేది గదా!" అంటారు.

శనివారం పెద్దక్క వాట్సాప్‌లో తన గొంతు పంపింది.

"గురువారం పొద్దున్నే పాపను రామలక్ష్మమ్మ ఇంటికి పంపీండి. ఆయమ్మ ఎన్నాళ్ల నుంచో అడుగుతాంది. ఇంక ఆడనే ఉండనీ. బట్టలు సర్దిపెట్టండి. నిద్ర లేసేది ఆలస్యం, కారం పడదు, కోపమొస్తే గోడపక్క తిరిగి కూర్చునేది అలవాటు. ఈ మూడూ ఆయమ్మకు ముందే చెప్పండి. ఎవురూ ఏడ్చొద్దండి."

రామలక్ష్మమ్మది గుట్టకిందపల్లి. పాత సర్పంచు, చీనీ (బత్తాయి) తోటల ఆసామి. దీపావళికి మా పిల్లలకు కాకరపువ్వొత్తులు తెచ్చి, పాప తల నిమిరి, "ఈ బిడ్డను నాకియ్యండప్పా" అని నవ్వింది. మేమూ నవ్వాం. 

తిరిగి అడుగుదామంటే పెద్దక్క ఫోన్ కలవలేదు. చలికాలం కదా, ఆమె మేడం వాళ్లు ఎడారిలో గుడారాలు వేసుకుని నాలుగైదు రోజులు ఉంటారు. అక్కడ సిగ్నల్ ఉండదు. మేం పంపిన పద్నాలుగు మెసేజ్‌ల పక్కనా ఒక్కొక్క టిక్కే.

"పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ల కాగితం లేకుండా బిడ్డను ఇంకో ఇంటికి ఎట్లా పంపుతాం?" అని ప్రతాప్‌ను మూడుసార్లు అడిగాను.

"పెద్దక్క వాళ్లను అడక్కుండా చేస్తాదా?" అని మూడుసార్లూ అన్నాడు.

ప్రతాప్ నా భర్త. మాకు పెళ్లయి ఇరవై మూడు రోజులు. ఆ ఇరవై మూడు రోజుల్లో మొదటి మాటపట్టింపు ఇదే.

ఇక ఆటో కదిలింది.

* * *

ముందు ప్రతాప్, ఆటో నడుపుతూ. వెనక నేను, పాప, పాపన్న. పాపన్న ఒళ్లో పాప రేకుపెట్టె. మా ఐదు ఊర్లలో వాక్యం చెప్పేది పాపన్నే. ఆ ఐదు ఊర్ల బోరుమోటార్లు బాగుచేసేదీ ఆయనే. ఆయన బైబిల్ సంచిలో స్పానర్ ఎప్పుడూ ఉంటుంది. నిన్నంతా కూర్చుని ఈ పెట్టెకు ఊడిపోయిన పిడి బిగించాడు, మూతకు నీలం రంగు పూశాడు. రంగు ఇంకా ఆరలేదేమో, ఆయన తెల్లచొక్కా మీద నీలం గీత పడింది.

"ఆయమ్మ ఇంట్లో టీవీ ఉండాది పాపా," అన్నాడు.

పాప ఆటో బయటికే చూస్తోంది.

"పెద్దది. గోడంత."

"నాకొద్దు."

ఐదు రోజుల్లో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. మళ్లీ మూసుకుంది. దారికి రెండు పక్కలా వేరుశనగ పీకేసిన ఎర్రచేలు. గుట్ట మీద గాలిమరలు బద్ధకంగా తిరుగుతున్నాయి. ముందు అద్దంలో ప్రతాప్ కళ్లు ఒకసారి నా కళ్లకు తగిలాయి. అంత దిగుల్లోనూ నాకు లోపల ఏదో చిన్న దీపం వెలిగినట్టయింది. వెంటనే సిగ్గేసింది. ఈ పూటా ఇది?

పాపన్న పైజేబులోని పాత ఫోన్ మోగింది. బ్యాటరీ ఊడిపోకుండా దానికి రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. ఆయన గబగబా తీసి చూసి, "కంపెనీ వాళ్లది," అని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన భార్య పదకొండేళ్ల కిందట కువైట్ పోయింది. రెండేళ్లు ఫోన్ చేసి ఆగిపోయింది. ఆమెకు తెలిసిన నంబరు ఇదొక్కటే. అందుకని పాపన్న ఫోన్లు మార్చాడు గానీ నంబరు మార్చలేదు. ఏ ఫోన్ మోగినా అలాగే తీస్తాడు.

మా ప్రాంతంలో ఇలాంటి ఎదురుచూపు లేని వీధి లేదు.

* * *

రామలక్ష్మమ్మ గేటు దగ్గరే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడా వచ్చేది? ఎనిమిదింటికి చూస్తాండా మీ దోవ. పదింటికి కరెంటొస్తాది, తెల్దా?"

కరెంటుకూ పాపకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ల కంగారు అనుకున్నాను.

ఆమె ఇంట్లోకి తీసుకుపోలేదు. ఇంటి పక్కనుంచి, గడ్డివాము దాటించి, చీనీ తోట గట్టు మీదికి నడిపించింది. పాప నా కొంగు పట్టుకుంది. తోట మొదట్లో ఒక చిన్న గది. కొత్తగా సున్నం కొట్టారు. గోడకు మోటారు స్టార్టరు పెట్టె. ఒక నులకమంచం. మంచం మీద మడతపెట్టిన కొత్త లుంగీ, టార్చి లైటు, అలారం గడియారం. నా తలకన్నా ఎత్తులో మేకు, మేకుకు గడ్డం గీసుకునే అద్దం. కిటికీలో బీడీకట్ట.

నేను ఆ గదిని చూశాను. పాపను చూశాను. ఆమె అరచేయి నా కొంగును మెలిపెడుతోంది.

"ఏమ్మా కొత్తపెండ్లికూతురా, గది బాగలేదా? అట్ల చూస్తాండావు?" అంది రామలక్ష్మమ్మ.

"ఇక్కడేనా అమ్మా పడుకునేది?"

"మరి యాడ? మోటారు పక్కన గాక నా మంచం పక్కనా?"

"ఒంటరిగా?"

"ఒంటరిగానే. ఎందుకు, బయ్యమా?" ఆమె నవ్వింది. "రెండింటికి ఒక్కోసారి కరెంటిస్తారు. ఎవురో ఒకరు లేసి మోటారెయ్యల్ల గదా. పోయినోడు మొద్దునిద్ర. మూడు రాత్రులు నీళ్లు లేక చీనీ చెట్లు వాడిపాయ."

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దవాళ్ల ముందు గొంతెత్తి నేను మాట్లాడింది లేదు. ఆ రోజు ఎత్తాను.

"రాత్రి రెండింటికి లేపి మోటారు వేయిస్తారా? మీకు మనసెలా ఒప్పిందమ్మా? చదువుకునే బిడ్డ! కారం తింటే కండ్లలో నీళ్లు పెట్టుకునే బిడ్డ! ప్రేమగా పెంచుకుంటారనుకున్నాం. ఈ లుంగీ ఏంది, ఈ బీడీలేంది? పెద్దక్క ఏమన్నా అనుకోనీ, నేను ఇక్కడ వదిలిపెట్టి పోను. పోనంటే పోను!"

"సారా," అన్నాడు ప్రతాప్, మెల్లగా.

"నువ్వుండప్పా!"

రామలక్ష్మమ్మ నోరు తెరిచి నన్ను చూసింది. ఆమె ముఖంలో కోపం కాదు, ఏదో లెక్క కుదరని తికమక.

"ఏం మాట్లాడతాండావమ్మా? ఎవురు బిడ్డ? బీడీలు తాగకుంటే మానీలే, కోడలు తెచ్చిపెట్టింది..."

"తొమ్మిదేండ్ల బిడ్డమ్మా!"

"తొమ్మిదేండ్లా?" ఆమె తల పక్కకు తిప్పి, పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని పైనుంచి కింది దాకా చూసింది. "పాపన్నా, నీకెన్నేండ్లప్పా?"

"యాభై రెండమ్మా."

 చేలో ఎక్కడో కంజుపిట్టలు అరిచాయి.

"పెట్టె ఇట్లియ్యి," అంది రామలక్ష్మమ్మ. మంచం మీద పెట్టి మూత తీసింది. పైన పసుపు గౌను. దాని కింద పూలగౌను. రిబ్బన్లు. బొమ్మలపుస్తకం. ఆమె పసుపు గౌనును రెండు భుజాలూ పట్టి పైకెత్తి, పాపన్న ముందు కొలత చూసినట్టు పట్టుకుంది.

"ఇదేందప్పా పాపన్నా? నువ్వు ఇవి తొడుక్కోని నా మోటారేస్తావా?"

* * *

తర్వాత ఐదు నిమిషాలు అందరం ఒకేసారి మాట్లాడాం. చివరికి రామలక్ష్మమ్మ చెయ్యెత్తి సర్పంచు గొంతుతో ఆపింది.

"నేనడిగింది పాపన్నను. నాకు మోటారెరిగిన మనిషి కావల్ల. మీ పెద్దక్క శనివారం నాకు ఫోన్ చేసింది. పాపన్నను ఇస్తా, ఆడనే ఉంటాడు, నువ్వు నీ శెనక్కాయల కొట్టం శుక్రవారం శుక్రవారం ప్రార్థనకియ్యి అనింది. కొట్టం ఖాళీగా ఉండాది, ఇస్తా అన్నా. నేను మీ దేవునికి మొక్కేదాన్ని కాదు, నా దేవుడు నాకుండాడు. మనిషికి మనిషి, కొట్టానికి కొట్టం. ఇందులో ఈ పసిదాని పేరే రాలేదు."

"కానీ పెద్దక్క పాపను పంపమనింది," అన్నాడు ప్రతాప్. "మేం అందరం ఇన్నాం."

"యాడ, ఇనిపీ."

ప్రతాప్ ఫోన్ తీశాడు. ఐదు రోజుల్లో మేం ఆ గొంతును వందసార్లు విని ఉంటాం. వంటామె సుబ్బరత్నమ్మ విని ఏడ్చింది. నేను విని ఏడ్చాను. పాపన్న విని బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఇప్పుడు సున్నం గదిలో ఆ మాటలు కొత్తగా మోగాయి.

"గురువారం పొద్దున్నే పాప..."

వెనక సన్నగా బుస్సుమన్న శబ్దం. తర్వాత, "ను రామలక్ష్మమ్మ ఇంటికి పంపీండి."

"ఆపు!" అంది రామలక్ష్మమ్మ. "మళ్లీ ఎయ్యి."

మళ్లీ వేశాడు.

"ఇనబళ్లేదా మీకు? కుక్కరు! కుక్కరు ఈలేసింది. వంటింట్లో నిలబడి మాట్లాడింది మీ పెద్దక్క. రెండు ఈలలు అయినాకనే మాట్లాడేది మొదలుపెట్టింటాది, ఇది మూడోది. పప్పుడికింది. ఆ ఈల కింద మాట పడిపాయ."

పాప... న్న... ను.

ఒక్క అక్షరం. ఒక్క 'న్న' ఉడికిపోయింది.

ఐదు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగినా వెలగనట్టే ఉంది. పంతొమ్మిది మంది పిల్లలు అరవకుండా అన్నం తిన్నారు. ఇరవై మూడు రోజుల పెళ్లికూతుర్ని, మొగుడి మీద అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాను. అంతా ఒక పప్పుకుక్కరు వల్ల. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా వచ్చింది. ప్రతాప్ తలుపు పట్టుకుని నవ్వుతున్నాడు. రామలక్ష్మమ్మ పసుపు గౌనుతో కళ్లు తుడుచుకుంటోంది.

పాపన్న మాత్రం నవ్వలేదు.

"అయితే నిద్ర లేసేది ఆలస్యం అనింది నన్నా?"

"నిన్నే," అన్నాడు ప్రతాప్.

"కారం పడదనింది?"

"నీకు పడదు గదా. మజ్జిగలో కడుక్కోని తింటావు."

పాపన్న పోయి, గడప మీద గోడపక్క తిరిగి కూర్చున్నాడు. అప్పుడు చూశాను. పాప అంతకుముందే మంచం అవతల గోడపక్క తిరిగి కూర్చుని ఉంది. ఒకరికి ఒకరు వీపు పెట్టి, రెండు గోడలకేసి ఇద్దరూ.

నేను వెళ్లి పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె ఏడవడం లేదు. ఎవరి మాటను నమ్మాలో ఇంకా తేల్చుకోలేదు.

"అయితే నేను యాడికీ పోనా?"

"యాడికీ పోవు."

"రేపు గూడా?"

"రేపు గూడా. నిన్ను ఎవరూ పంపమనలేదు పాపా. మేమే సరిగ్గా వినలేదు."

ఆమె లేచింది. రామలక్ష్మమ్మ చేతిలోంచి పసుపు గౌను తీసుకుని, తనే మడతపెట్టి, పెట్టెలో పెట్టి, మూతేసి గొళ్లెం పెట్టింది. పెట్టెను రెండు చేతులతో కడుపుకు ఆనించుకుని, గట్టు మీదుగా, గడ్డివాము పక్కగా నడిచిపోయింది. మేం చూస్తుండగానే ఆటో ఎక్కి, పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏయ్ పాపా, దిగు! ఉగ్గాని చేసిపెట్టినా," అని అరిచింది రామలక్ష్మమ్మ.

"ఈడికే తెండి!" అని ఆటోలోంచి అరుపు వచ్చింది.

ఐదు రోజుల తర్వాత అంత పెద్ద గొంతు. ఉరుము విన్న రైతులాగా అందరం అటు తిరిగాం.

* * *

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పసుపు పట్టిన బొరుగుల మీద కొబ్బరి, కొత్తిమీర. వరండాలో వడ్డిస్తుంటే పాపన్న మెట్టు కిందే నిలబడ్డాడు. "పైకి రాప్పా, ఈడ ఉండేటోనివి ఎన్ని దినాలు కింద నిలబడతావు?" అంది రామలక్ష్మమ్మ. ఆయన ఒక క్షణం ఆ మెట్టు వైపు చూసి, చెప్పులు విడిచి ఎక్కాడు. బజ్జీని మజ్జిగలో ముంచుకోబోయి, మమ్మల్ని చూసి, కారంతోనే తిన్నాడు. కళ్లలో నీళ్లు. అది కారమో కాదో ఎవరూ అడగలేదు.

ప్రతాప్ తన పళ్లెంలోంచి పెద్ద బజ్జీ తీసి చడీచప్పుడు లేకుండా నా పళ్లెంలో పెట్టాడు. మాటపట్టింపు అక్కడితో తీరిపోయింది.

పదింటికి కరెంటు వచ్చింది. పాపన్న పంచె ఎగ్గట్టి స్టార్టరు పెట్టె తెరిచాడు. తోటలో తునిగిన డ్రిప్పు పైపు ఒకటి ముందు గాలి కక్కింది, తర్వాత సన్నగా నీళ్లు చిమ్మింది. ఆ చప్పుడుకు పాప ఆటో దిగింది. పెట్టెను మాత్రం సీటు మీద పెట్టి, పైన తన చున్నీ కప్పి వచ్చింది.

చీనీ చెట్ల కింద తడిమట్టిలో కాళ్లు పెట్టి నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది.

"అక్కా, నేనొక తప్పు చేసినా."

"ఏంటి?"

"సుబ్బరత్నమ్మ ఫోన్‌లో పెద్దక్కకు మెసేజ్ పెట్టినా. ఏంటికి నన్ను పంపుతాండావు, నేనేం చేసినా, ఇంక నిద్ర తొందరగా లేస్తా అని. ఏడుపొచ్చింది. ఏడుపు గూడా పోయింటాది."

నేను ఆమె తల నా పొట్టకు ఆనించుకున్నాను. ఎడారిలో ఒక్క టిక్కుతో ఆగిపోయిన ఆ ఏడుపు ఇప్పుడు ఎక్కడుందో.

సరిగ్గా అప్పుడే గడ్డివాము దగ్గర నుంచి ప్రతాప్ చెయ్యి ఊపాడు. నేను వెళ్లాను. అతని ఫోన్‌లో పద్నాలుగు మెసేజ్‌లకూ రెండేసి టిక్కులు. కింద పెద్దక్క గొంతు, ఒక నిమిషం పన్నెండు సెకన్లు. ఇద్దరం చెవులు ఆనించి విన్నాం. అతని చెవి వెచ్చగా ఉంది.

"ఒరే ప్రతాపూ! ఎవుర్రా పాపను పంపమనింది? మీ చెవులు కాల్చ! నిన్న రాత్రే ఎడారి నుంచి వచ్చినాం, ఫోన్ ఇప్పుడే తెరిచినా. ఆ బిడ్డ ఏడుపు ఇప్పుడే, ఎయిర్‌పోర్టులో కూర్చోని ఇన్నా. ఔరా, ఎయిర్‌పోర్టులోనే. రేపు కొట్టంలో మొదటి ఆరాధనకు చెప్పకుండా వచ్చి నిలబడదామనుకున్నా. చెప్పేసినా, పో. రాత్రికి బెంగళూరులో దిగుతా. ఆటో కాదు, జీపు తీసుకోని రా. ఇంకోటి. నేనొక్కదాన్నే కాదు. ఇన్నేండ్లు ఎతికి ఎతికి ఇంక లేదనుకున్నామే, ఆ మనిషి నా పక్కనే కూర్చోనుండాది. చిక్కిపోయింది గానీ బాగుండాది. ఈ మాట మాత్రం పాప..."

టింగ్ టాంగ్. ఏదో విమానం గురించి అరబ్బీలో ఎవరో చెప్పారు.

"...కు చెప్పొద్దండి. నేనే చెప్తా."

ప్రతాప్ నన్ను చూశాడు. మళ్లీ వేశాడు. మూడోసారి వేశాడు. 'పాప'కూ 'కు'కూ మధ్య ఆ గంట. ఒక్క అక్షరం పట్టేంత చోటు. పట్టిందో లేదో గంటకే తెలుసు.

పాపకు? పాపన్నకు? వచ్చేది పాప తల్లా, పాపన్న భార్యా?

తిరిగి ఫోన్ చేశాడు ప్రతాప్. స్విచ్చాఫ్. విమానం ఎక్కేసింది.

"పెద్దక్క ఏమనిందక్కా?"

తడికాళ్లతో పాప పరుగెత్తుకుంటూ వస్తోంది. మోటారు గది గుమ్మంలో పాపన్న గ్రీజు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను ఫోన్‌ను వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"వస్తాందంట! రేపు శుక్రవారానికి ఈడుంటాదంట!" అన్నాను, ఎంత వీలైతే అంత నవ్వుతూ. అబద్ధం కాదు కదా.

పాప చప్పట్లు కొట్టి ఎగిరింది. బురద నా చీర మీద చిందింది. ఎగరడం ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"ఒక్కతేనా వచ్చేది?"

 పాపన్న గ్రీజు చెయ్యి పైజేబు మీదికి, రబ్బరు బ్యాండు వేసిన ఫోన్ మీదికి పోయి అక్కడే ఆగింది.